వెనక గది గచ్చు

మా వెనక గది నేల మీద ఎన్ని పొరలున్నాయో నాకు పంతొమ్మిదేళ్లు తెలియలేదు. బందరులో ఈ ఇల్లు కొన్నప్పటికే ఆ గదిలో చెక్క రంగు ప్లాస్టిక్ షీటు అంటించి ఉంది. అందరూ దాన్ని కార్పెట్ అనేవాళ్లు. తడిగుడ్డతో తుడిస్తే మెరిసేది. గదిలో ఒక పాత మంచం, బియ్యం డబ్బాలు, కుట్టుమిషను, చలికాలం దుప్పట్లు ఉండేవి గానీ మనుషులెవరూ ఉండేవాళ్లు కాదు కాబట్టి, కింద ఏముందని అడగాల్సిన పని పడలేదు.

కిందటేడు ఫిబ్రవరి మొదటి ఆదివారం ఆ పని పడింది. ఆ రోజు చర్చి నుంచి వచ్చేసరికి మా వదినగారు గుడివాడ బస్సు దిగి, ఆటోలో వచ్చి, మా గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆవిడ మా ఆయనకి పెద్దక్క, నాకన్నా ఏడేళ్లు పెద్ద. గుడివాడలో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక అక్కడే ఒక పోర్షన్ అద్దెకి తీసుకుని ఒక్కరే ఉంటున్నారు. రెండు కళ్లకీ నీటికాసులు. వెలుతురు తెలుస్తుంది, ఎదురుగా ఉన్నది గోడా మనిషా అన్నది తెలుస్తుంది, అంతకు మించి తెలియదు. ఇంటివాళ్లు ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టుకుంటున్నారు. మార్చి నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.

"మా దగ్గరికి వచ్చెయ్యక్కా, ఆలోచనేముంది," అన్నారు మా ఆయన.

ఆవిడ అప్పటికే గుడివాడలో ఆడవాళ్ల వృద్ధాశ్రమం ఒకటి చూసి, పేరు కూడా ఇచ్చి వచ్చారు.

"అక్కడైతే చెయ్యి పట్టుకుని నడిపించడానికి జీతమిచ్చి మనిషిని పెట్టారు. ఇక్కడ మీరు మొహమాటానికి పట్టుకోవాలి. అది నాకు పడదు. ఒక్కటే మాట చెప్తున్నా. మీ వెనక గదిలో మంచం దగ్గర్నుంచి బాత్రూంకి నేను ఒక్కదాన్నే వెళ్లి రాగలిగితే వస్తాను. లేకపోతే ఆశ్రమమే."

ఉద్యోగమంతా ఇంకొకళ్ల చెయ్యి పట్టుకుని బాత్రూంకి నడిపించిన మనిషి ఆవిడ. ఆ మాట ఊరికే అనరు.

భోజనాలయ్యాక ఆవిడ ఆ గదిలో నడిచి చూశారు. షీటు అక్కడక్కడా ఉబ్బి ఉంది. అతుకు దగ్గర అంచు లేచి ఉంది. గది మధ్యకి రాకుండానే కాలు దానికి తగిలి ముందుకి తూలారు. నేను పట్టుకున్నాను. ఆవిడ చెయ్యి విదిలించుకున్నారు.

"ఈ కార్పెట్ మీద కాలికి ఏమీ తెలియట్లేదమ్మాయ్. అంతా ఒకటే నునుపు. గుడివాడలో నాది పాత గచ్చు. గీతలుంటాయి. గీత పట్టుకుని పోతా."

డెబ్భై దాటిన నన్ను ఇంకా అమ్మాయ్ అనే మనిషి ఆవిడొక్కరే.

పాత మేస్త్రులు పచ్చి సిమెంటు మీద దారం అదిమి గళ్లు తీసేవాళ్లు. నేల పగిలితే ఆ గీత వెంటే పగులుతుందని. మా ముందుగదిలో ఆ గళ్లున్నాయి. ఒకే ఇల్లు, ఒకే కాలంలో కట్టింది, వెనక గదిలో మాత్రం ఎందుకుండవు? లేచిన అంచు దగ్గర కూర్చుని షీటు ఇంకొంచెం పైకి లాగాను. షీటు కింద అట్టలాంటి కాగితం. కాగితం కింద బెల్లం పాకం రంగులో జిగురు. జిగురు కింద ఎర్ర ఎనామెల్ పెయింటు. కూరగాయల చాకుతో ఎరుపుని గీకితే బూడిద రంగు సిమెంటు కనిపించింది. కొంచెం పక్కకి జరిపి గీకాను. చాకు మొన టక్కున ఒక సన్నని గాడిలో పడింది.

ఆ టక్కుమన్న శబ్దం మా వదినగారికి మంచం మీద నుంచే వినిపించింది. "దొరికిందా?" అన్నారు.

మర్నాడు మా ఇంట్లో చిన్నాపెద్దా పనులు చేసే మేస్త్రిని గూడూరు నుంచి పిలిపించాం. అతను మోకాళ్ల మీద కూర్చుని చూశాడు.

"ఇదేముందండీ. గ్రైండింగ్ మిషను పెడితే పొద్దున్న మొదలెట్టి భోజనాల టయానికి తేల్చేస్తాం. జిగురూ రంగూ అన్నీ పోతాయి. అద్దంలా వచ్చుద్ది. పైన టైల్స్ వేసేసుకోండి."

"మరి గీతలు?" అన్నాను.

"గీతలూ పోతాయండి. లోతు ఇంతే కదా," అని చిటికెనవేలి గోరు చూపించాడు.

"గీతలు ఉండాలి. మిగతావి పోవాలి."

"అయితే చేత్తో గీకాలండి. ఎన్నాళ్లు పట్టుద్దో నేను చెప్పలేను. మీరే లెక్కేసి చెప్పండి."

"ఆవిణ్ణి లెక్క అడిగావా, ఇవ్వాళ గూడూరు వెళ్లలేవు," అన్నారు మా ఆయన.

అతను వెళ్లాక లెక్క వేశాను. గది పన్నెండడుగులు, పదడుగులు. ముందుగదిలో గడి రెండడుగులు. ఇక్కడా అంతే అయితే అడ్డగీతలు ఐదు, ఒక్కోటి పదడుగులు. నిలువు గీతలు నాలుగు, ఒక్కోటి పన్నెండడుగులు. యాభై, నలభై ఎనిమిది, మొత్తం తొంభై ఎనిమిది అడుగుల గాడి. నేలంతా కలిపి నూట ఇరవై చదరపు అడుగులు. నేల కష్టం కాదు. గాడే కష్టం.

షీటుని మా ఆయన పట్టీలుగా కోసి చుట్ట చుట్టేశారు. కాగితం మీద వేడినీళ్లలో ముంచిన పాత తువ్వాళ్లు పరిచాం. అరగంటకి నానిన అప్పడంలా లేచి వచ్చింది. జిగురు మాత్రం కదల్లేదు. గోడ వారగా సుద్దముక్కతో చిన్న చిన్న గళ్లు గీసి ఒక్కో గడిలో ఒక్కోటి ప్రయత్నించాను. వేడినీళ్లు పనిచెయ్యలేదు. వెనిగర్ పనిచెయ్యలేదు. థిన్నర్ వేస్తే జిగురు కరిగింది గానీ పోలేదు, పక్క గడిలోకి పాకింది, పైగా తలుపులన్నీ తీసినా తలనొప్పి వదల్లేదు. గుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టి చూశాను. మెత్తబడి పుట్టీ బ్లేడుకి ముద్దగా వచ్చింది. బాగానే ఉంది కదా అని గీత దగ్గర కూడా అలాగే చేస్తే ఆ మెత్తటి ముద్ద గాడిలోకి ఇంకా దిగింది.

"వేడి చేస్తే మెత్తబడుతోంది. మరి చల్లబెడితే?" అన్నాను పైకే.

"చేపల మార్కెట్లో అడుగు. అక్కడ ఐసుకేం తక్కువ," అన్నారు మా వదినగారు. ఆవిడ నవ్వులాటకి అన్నారు. మా ఆయన నిజంగానే స్కూటర్ మీద వెళ్లి ఒక గోనెసంచీలో ఐసు దిమ్మ ముక్క కట్టించుకొచ్చారు. ఇల్లంతా చేపల వాసన. ఐసుని గీత మీద ఉంచి, కాసేపాగి తీసి చూస్తే జిగురు రంగు మారింది, గట్టిపడింది. గోటితో కొడితే పెంకులా విరిగింది. నాకు పట్టలేనంత ఆశ్చర్యం. నిన్నటిదాకా సాగి సాగి ప్రాణం తీసినది ఇవ్వాళ అటుకుల్లా రాలుతోంది.

కానీ గాడిలోంచి తీయడానికి పనిముట్టు కుదరలేదు. చాకు సిమెంటుని కోస్తోంది. స్క్రూడ్రైవర్ గీత అంచు విరగ్గొడుతోంది. స్పూను లావు.

"ఆల్చిప్పలు లేవా నీ ఇంట్లో?" అన్నారు మా వదినగారు.

"లేవండీ."

"మరి ఆవకాయకి కాదు, తురుము పచ్చడికి మామిడికాయ చెక్కు దేంతో తీస్తావ్?"

"పీలర్ ఉంది కదండీ."

"పీలరంట! ఒరేయ్ తమ్ముడూ, ఈ అమ్మాయిని ఏ ఊరి నుంచి తెచ్చుకున్నావురా?"

"కృత్తివెన్ను నుంచేనక్కా. సముద్రం పక్కనే," అన్నారాయన, నా వైపు చూడకుండా.

ఆ మధ్యాహ్నం హంసలదీవి సముద్రం ఒడ్డుకి వెళ్లే మా పక్కింటాయనతో చెప్పి పంపితే సాయంత్రానికి గుప్పెడు ఆల్చిప్పలు వచ్చాయి. అంచు పల్చన, వంపు సన్నన. గాడిలో పెట్టి లాగితే సరిగ్గా దాని వంపే పట్టింది, సిమెంటు మీద గీత పడలేదు. అంచు అరిగితే ఇంకోటి. కానీ గాడిలో ఇంకా ఎంత మిగిలిందో నాకు కళ్లద్దాలు పెట్టుకున్నా కనిపించదు. జిగురూ ఎరుపూ కలిసి అదంతా ఒకటే మురికి రంగు.

"ఇటివ్వు," అన్నారు మా వదినగారు. పాత దిండొకటి వేసుకుని నేల మీద కూర్చున్నారు. ఎడమచేతి చూపుడువేలు గాడిలో పెట్టి, దాని వెనకే కుడిచేత్తో ఆల్చిప్ప నడిపారు. వేలు ఆగిన చోట ఆల్చిప్ప ఆగి రెండుసార్లు గీకేది. వేలు సాఫీగా సాగితే తనూ సాగేది. నేను ఐసు పెట్టుకుంటూ ముందు వెళ్తే ఆవిడ వెనక వచ్చారు. నాలుగు రోజులు ఇద్దరం అలాగే గదంతా తిరిగాం. మాటల్లో ఆసుపత్రి కబుర్లే ఎక్కువ. మధ్యమధ్య మా ఆయన టీ తెచ్చి, "ఎంతవరకొచ్చింది బందరు కాలవ తవ్వకం?" అని అడిగి తిట్లు తిని వెళ్లేవారు.

బాత్రూం తలుపు వైపు మూలకి వచ్చేసరికి ఆవిడ వేలు ఆగింది. ముందుకి జరిపారు. వెనక్కి తెచ్చారు. పక్కకి తడిమారు.

"అమ్మాయ్, గీత అయిపోయింది."

"ఇంకా నాలుగడుగులు ఉండాలండీ."

"ఉండాలని నీ లెక్క. లేదని నా వేలు."

టేపు పెట్టి మొదట్నుంచీ కొలిచాను. తొంభై ఎనిమిది ఉండాల్సినవి తొంభయ్యే ఉన్నాయి. ఆ మూల నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు గీతల్లేవు. ఎర్ర పెయింటు పైన ఒకేలా ఉంది కాబట్టి కనపడలేదు గానీ చెయ్యి పెట్టి చూస్తే అది వేరే సిమెంటు, అతుకు వేసింది. అప్పుడర్థమైంది. మాకన్నా ముందున్నవాళ్లు బాత్రూం తర్వాతెప్పుడో కట్టుకున్నారు. పైపు వెయ్యడానికి ఆ మూల పగలగొట్టి మళ్లీ సిమెంటు పూశారు. గళ్లు తీయలేదు.

ఆవిడ ఆల్చిప్ప పక్కన పెట్టారు. "గదంతా గీతలే. నాకు కావాల్సిన చోట మాత్రం లేవు," అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆశ్రమం వాళ్లు ఇరవయ్యో తారీఖులోగా ఏదో ఒక మాట చెప్పమన్నారని అప్పుడే చెప్పారు.

మేస్త్రికి ఫోన్ చేసి, కట్టర్‌తో నాలుగడుగుల గీత కొయ్యమన్నాను. "ఆ మూల పైపు ఎంత లోతులో ఉందో తెలియదండి. కోస్తే పైపు తెగుద్ది. ఒక సన్నపట్టీ అంటించేసుకోండి," అన్నాడు.

"అంటించడమా? మళ్లీ జిగురా?" అని మా ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

పట్టీ ఎలాగూ కుదరదు. అంచు లేస్తే మొదటికొస్తుంది. ఏం చెయ్యాలో తోచక, చేతనైన పని చేద్దామని నేల మీది జిగురు ఇస్త్రీపెట్టెతో తీసేసి, మిగతా గదిలో పెయింటు తీయడం మొదలుపెట్టాను. మూల సంగతి తర్వాత చూద్దామని అక్కడ రంగు ముట్టుకోలేదు. పాత రంగుని పొడిగా గీకితే దుమ్ము ఊపిరిలోకి పోతుంది. అందుకని కాస్టిక్ సోడా నీళ్లలో మైదా కలిపి ముద్దలా చేసి పూసి, పైన పాలిథిన్ కవర్లు కప్పి, తడిగానే తీశాను. మొదలెట్టకముందే మా వదినగారు నా రబ్బరు తొడుగులు తడిమి చూశారు.

"కళ్లకి కూడా అద్దాలు పెట్టుకో. ఈ ఇంట్లో ఒకళ్ల కళ్లు పోయినవి చాలు."

రంగు ముడతలు ముడతలుగా లేచి వచ్చింది. ఆ తర్వాత నేల కడగాలి. ఇక్కడ నేను చేసింది బందరులో ఎవరైనా చేసే పనే. మున్సిపల్ కుళాయిలో కాలవ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అవి తాగడానికీ వంటకీ. నేల కడగడానికి బోరు నీళ్లు. పంతొమ్మిదేళ్లూ అన్ని గదులూ బోరు నీళ్లతోనే తుడిచాను. బకెట్ల కొద్దీ పోసి కడిగి, ఫ్యాను వేసి పడుకున్నాం.

పొద్దున్నే చూస్తే గచ్చంతా తెల్లగా, పిండి జల్లినట్టుంది. సోడా మిగిలిపోయిందనుకుని మళ్లీ కడిగాను. మధ్యాహ్నానికి ఇంకా తెల్లన. వేలితో తీసి నాలిక మీద పెట్టబోతే మా వదినగారికి ఎలా తెలిసిందో, "కాస్టిక్ సోడా నాకుతున్నావా?" అని గద్దించారు. అందుకని రెండు స్టీలు ప్లేట్లు తెచ్చి ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో కుళాయి నీళ్లు పోసి డాబా మీద ఎండబెట్టాను. కుళాయి ప్లేటు దాదాపు శుభ్రంగా ఆరింది. బోరు ప్లేటు అడుగున తెల్లటి పొర. అది ఉప్పు. నున్నటి షీటు మీద తుడిస్తే ఎండిపోయేది, గుడ్డకి పోయేది. ముందుగదిలో పాలిషు పట్టిన గచ్చూ అంతే. రంగు ఊడిన ఈ సిమెంటు మాత్రం బోరు నీళ్లు తాగి, ఆరేటప్పుడు ఉప్పుని పైకి పంపుతోంది.

నేను ప్లేట్లు పట్టుకుని కిందికి వచ్చేసరికి ఆవిడ గదిలో నడుస్తున్నారు. సోమవారం బస్సుకి గుడివాడ వెళ్లిపోయే ముందు, పడిన కష్టానికి ఒకసారి నడిచి చూద్దామనుకున్నారట. తెల్లటి ఉప్పులో పాదాల గుర్తులు పడ్డాయి.

"అక్కా, దొంగతనానికి మాత్రం పనికిరావు నువ్వు," అన్నారు మా ఆయన.

నేను ఆ గుర్తులు చూస్తున్నాను. ఆవిడ గీత మీద నడుస్తారని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. పాదాలు రెండూ గీతకి ఒక పక్కనే ఉన్నాయి. కుడికాలి చిటికెనవేలి అంచు మాత్రం గాడిలో ఆనుతోంది. ఆవిడకి కావాల్సింది గీత కాదు, ఒక అంచు.

ఆవిడ ఆ మూలకి చేరి ఆగారు. కుడికాలు ఎర్ర పెయింటు మీద పడింది. వెనక్కి తీశారు. మళ్లీ పెట్టారు.

"ఇక్కడేంటి, మారిపోయింది? ఇది నున్నగా ఉంది. అటు గరుగ్గా ఉంది."

"అక్కడ రంగు తీయలేదండీ."

"రంగుకే ఇంత తేడానా?" అని ఆ సరిహద్దు మీద కాలు ముందుకీ వెనక్కీ రాస్తూ నిలబడ్డారు. నేనూ చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని, పక్కన నిలబడి రాసి చూశాను. చెయ్యి చెప్పినంత స్పష్టంగా కాలికి తెలిసింది. ఇటు సిమెంటు ఇసక ఇసకగా, అటు పెయింటు నున్నగా.

"వదినగారూ, సోమవారం బస్సు మానెయ్యండి," అన్నాను. "నాకు రెండు రోజులివ్వండి."

గీత ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి బాత్రూం గుమ్మం దాకా, పోయిన గీత ఎలా వెళ్లాలో అలాగే, పొడుగాటి కర్ర పెట్టి సుద్దగీత గీశాను. దాని వెంట పెయింటర్లు వాడే కాగితం టేపు అంటించాను. ఇటు పక్క రంగంతా తీశాను. అటు పక్క మిగిలిన జిగురు మాత్రం ఆఖరి చుక్క దాకా తీసి ఎరుపుని ముట్టుకోలేదు. ఈసారి కుళాయి నీళ్లతో కడిగాను. గదంతా కూడా ఆ నీళ్లతోనే మళ్లీ కడిగాను. ఆ రెండు రోజులూ మాకు తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కురావాల్సి వచ్చింది. ఉప్పు ఇంకా కొంచెం పైకి వచ్చింది, ఊడ్చేశాను, ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది.

బుధవారం మేస్త్రి ఇంకో పని మీద బందరు వచ్చి తొంగి చూశాడు.

"బాగా తేల్చారండీ! మరి ఆ మూల సగం ఎర్రగా వదిలేశారేంటండి? ఇంకో పూట పెడితే అదీ అయిపోయేదిగా."

"మా ఆవిడ సగంలో వదిలేసిన పని నా పెళ్లయ్యాక ఇదే. సరిగ్గా చూసుకో, మళ్లీ దొరకదు," అన్నారు మా ఆయన.

"పక్కకి జరగండిరా," అన్నారు మా వదినగారు మంచం మీద నుంచి లేస్తూ.

ఆవిడ గీత పక్కన బయల్దేరారు. మేస్త్రి దారి వదిలి గోడకి ఆనుకున్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను, లేకపోతే అవి ముందుకి వచ్చేలా ఉన్నాయి. గాడి ఆగిన చోట ఆవిడ ఒక్క క్షణం ఆగి, కుడికాలు పక్కకి జరిపి ఎరుపుని వెతుక్కున్నారు. దొరికింది. ఒక పాదం సిమెంటు మీద, ఇంకో పాదం అంచు మీద, అడుగులో అడుగు వేసుకుంటూ గుమ్మం దాకా వెళ్లారు. చెయ్యి చాచి తలుపు అందుకున్నారు. లోపలికి వెళ్లారు. గడియ పడిన చప్పుడు వినిపించింది.

ముగ్గురం అక్కడే నిలబడ్డాం.

"అమ్మాయ్!" అని లోపల్నుంచి కేకేశారు. "మగ్గు ఏ పక్కన పెట్టావ్?"

"కుడి పక్కనండీ."

"ఎడం పక్కకి మార్చు. నా చెయ్యి అటే పోతుంది. ఇంకోసారి మార్చమని నిన్ను పిలవను నేను."

"అలాగేనండీ," అన్నాను.

ఆశ్రమానికి ఫోన్ చెయ్యడానికి మా ఆయన అప్పటికే ముందుగదిలోకి వెళ్లిపోయారు.